లీటరుకు పద్నాలుగు

కావలి,
జూన్ 18.

వెన్నెలక్కకు,

వాణిని రాస్తున్నాను. ఆరేళ్ల తర్వాత నా అక్షరం చూసి చించి పారెయ్యాలనిపిస్తే, చదివాక ఆ పని చెయ్యి. నాయన పోయినప్పుడు రాలేదు. ఎందుకు రాలేదో ఇంకోసారి చెబుతాను. ఇవాళ నీతో వేరే పని పడింది.

గూడూరులో నువ్వు డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నావని విన్నాను. నిమ్మకాయల లారీ మీద నాయన మనిద్దరికీ స్టీరింగు పట్టుకోవడం నేర్పాడు. నీకది బతుకుతెరువైంది. నాకు ఈ డ్యూటీ అయింది. మా అత్త వెంకటశేషమ్మకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. ప్రతి మంగళవారం, శుక్రవారం జువ్వలదిన్నె నుంచి కావలి ఆస్పత్రికి తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. నాలుగు గంటలు మిషను మీద ఉంటుంది. పొద్దున పూట మా ఆయనకు హార్బర్‌లో చేపల వేలంపాట. అందుకని నేనే బండి నడుపుతాను.

బండి నెల్లూరులో సెకండ్ హ్యాండులో కొన్నాడు. కారుకంటే ఎత్తు, జీపుకంటే పొట్టి, ఆ రకం. పెట్రోలుది, తొమ్మిదేళ్లు నడిచింది. లీటరుకు పద్దెనిమిది వస్తుందని అమ్మినవాడు చెప్పాడట. ఆయన తోలితే పద్నాలుగే వస్తోంది. పద్నాలుగు పద్దెనిమిది కావాలంటే ఏం చెయ్యాలో రాయి. నాకు చాలా అవసరం.

నా దగ్గర ఫోను లేదు. కింద రాసిన అడ్రసు ముంతాజ్ బేగం గారిది. ఆమె భర్త దరియావలి గారికి కూడా ఇవే రోజుల్లో పక్క మంచం మీద డయాలసిస్. జాబు ఆమె ఆస్పత్రికి తెచ్చి ఇస్తుంది, చదివి ఆమెకే తిరిగి ఇచ్చేస్తాను. మా అత్తకు చదువు రాదు. పాపకు హోంవర్కు రాస్తున్నాననుకుంటుంది. పాప పేరు కావేరి. ఆరో ఏడు.

బావి దగ్గర జారిపడి ముందు పన్ను ఒకటి ఊడింది. అంతకు మించి బాగానే ఉన్నాను.

నీ చెల్లెలు,
వాణి

❖

గూడూరు,
జూన్ 24.

వాణీ,

చించలేదు. నాలుగుసార్లు చదివాను. ఆరేళ్ల కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్కూలు బండి రెండుసార్లు కడిగాను. నాకు మేనకోడలు ఉందని మైలేజీ అడిగే జాబులో చివర చెబుతావా?

సరే, పని ముందు. డిక్కీ తెరిచి చూడు. ఐసు పెట్టెలు, వలలు, తాళ్లు ఉంటే దించెయ్యి. పైన క్యారియర్ ఉంటే విప్పించు. టైర్లలో గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు పట్టించు. గాలి ఫిల్టరు విప్పి దులుపు. గేరు తొందరగా మార్చు, ఇంజను అరవక ముందే పై గేరులో పడాలి. యాభై నుంచి అరవై మధ్య ఒకటే వేగం. ముందు గేదె కనబడితే దాని దగ్గరికెళ్లి బ్రేకు తొక్కకు, దూరం నుంచే కాలు తియ్యి, గేరులోనే ఉంచు. అప్పుడు ఇంజను చుక్క కూడా తాగదు. న్యూట్రలులో వదలొద్దు. రైల్వే గేటు దగ్గర ఇంజను ఆపెయ్యి. ఏసీ వద్దు. యాక్సిలరేటరు కింద కోడిగుడ్డు ఉందనుకుని తొక్కమని నాయన చెప్పేవాడు, గుర్తుందా? అలా తోలితే పద్దెనిమిది కాదు, ఇరవై వస్తుంది.

ఇప్పుడు నా పని. మీ పెళ్లయిన కొత్తలో ఒకసారి మీ ఇంటికి వచ్చాను. మీ ఇంట్లో బావి లేదు. వీధిలో కూడా లేదు. పన్ను ఎలా ఊడింది?

వెన్నెల

❖

కావలి,
జూలై 5.

అక్కా,

నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ చేతకాలేదు.

పాపకు అన్నం పెట్టడం ఆలస్యమైందని కంచంతో మొహం మీద కొట్టాడు. అది పన్ను. రెండేళ్ల కింద పాపను తీసుకుని బస్సెక్కాను, నీ దగ్గరికే. కావలి బస్టాండులో పట్టుకున్నాడు. జనం చూస్తుండగా జుట్టు పట్టి ఈడ్చాడు. ఎడమ చెయ్యి రెండుచోట్ల విరిగింది. పెద్దమనుషులు కూర్చుని, కాపురమన్నాక సర్దుకోవాలన్నారు. నాయన పోయిన కబురు పన్నెండో రోజున చెప్పాడు. ఏడిస్తే, గొంతు వినబడకూడదని నోట్లో గుడ్డ కుక్కి గదిలో పెట్టి తాళం వేశాడు.

బండి వచ్చాక కొత్త పద్ధతి. కిలోమీటర్లు రాసుకుంటాడు. ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి యాభై ఆరు. మొన్న రోడ్డు పని జరుగుతుంటే చుట్టూ తిరిగి వచ్చాను, మూడు ఎక్కువైంది. జాకీ రాడ్డు తీసుకున్నాడు. "కిలోమీటరుకొకటి" అన్నాడు. అరికాళ్ల మీద మూడు. కావేరి గడపలో నిలబడి లెక్కపెట్టింది, దానికి బడిలో ఈ మధ్యే అంకెలు నేర్పారు.

పెట్రోలు కూడా ఆయనే పోస్తాడు. డయాలసిస్ రోజు పొద్దున క్యానుతో నాలుగు లీటర్లు. పద్నాలుగు నాలుగుల యాభై ఆరు. తిరిగొచ్చేసరికి ట్యాంకు ఎండిపోవాలి. అందుకే బండి తాళం గోడ మేకుకే తగిలించి ఉంటుంది. "తాళం యాడుంటే ఏంది, పెట్రోలు నా దగ్గర గదా ఉండేది" అంటాడు. మేం కావలి వచ్చినప్పుడు పాపను తన అక్క ఇంట్లో ఉంచుతాడు. నేను ఒంటరిగా పారిపోనని తెలుసు.

ఆయనకు తెలియనిది ఒకటే. ఈ బండిలో పెట్రోలు ముల్లు చచ్చింది. కొన్నప్పటి నుంచి కింద గీత మీదే పడి ఉంది. బాగుచేయించడం దండగ అన్నాడు. ట్యాంకులో ఎంత ఉందో ఆయన చూడడు, లెక్క కట్టుకుంటాడు. నేను నువ్వు చెప్పినట్టు తోలితే ప్రతిసారీ లీటరు మిగులుతుంది. అది ఎవరికీ కనబడదు.

గూడూరుకు తొంభై కిలోమీటర్లు. అయిదు లీటర్లు చాలు కదా అక్కా?

వాణి

❖

గూడూరు,
జూలై 10.

వాణీ,

చాలు. రా. ఇంకేం ఆలోచించకు.

డ్యాష్‌బోర్డు మీద సగటు మైలేజీ చూపే అంకె ఒకటి ఉంటుంది. దానికి ముల్లుతో పని లేదు, ఇంజను తాగినదాన్ని బట్టి అది విడిగా లెక్క వేస్తుంది. ఇల్లు చేరే ముందు ప్రతిసారీ దాన్ని సున్నా చెయ్యి. మర్చిపోయావంటే పట్టుబడతావు.

కవరులో అయిదువందల నోటు పెట్టాను. దారిలో ఏదైనా తేడా వస్తే బంకులో పోయించుకో. జాకెట్టులో దాచుకో.

నిన్ను ఆరేళ్లు తిట్టుకున్నాను. "ప్రేమించి పెళ్లి చేసుకుంది, సుఖపడుతోంది, మనల్ని మర్చిపోయింది" అని నాయనతో కూడా అన్నాను. నాయన మాత్రం "అది మరిచేది కాదుమే, ఏదో ఉండాది" అనేవాడు. నేనే నమ్మలేదు.

వెన్నెల

❖

కావలి,
ఆగస్టు 9.

అక్కా,

నోటు దొరికింది.

ఇంటికి రాగానే వెతుకుతాడు. ఒళ్లంతా. అది నీకు రాయడానికి సిగ్గుపడ్డాను, రాసి ఉంటే నువ్వు డబ్బు పంపేదానివి కాదు. బయల్దేరేది ఇంటి నుంచే కదా అని, ముంతాజ్ గారి దగ్గర వదలకుండా జాకెట్టులోనే పెట్టుకొచ్చాను. మధ్యాహ్నం మూడింటికి వాకిట్లోనే దొరికింది. తలుపు వెయ్యలేదు. ఎదురింటివాళ్లు వేశారు వాళ్ల తలుపు. ఎవరిచ్చారని అడిగాడు. ముంతాజ్ గారి పేరు చెప్పకూడదనుకున్నాను. ఇంకెవరి పేరూ తట్టలేదు. రాడ్డు తిప్పి మడమల మీద కొడుతూ పోయాడు, ఇక నావల్ల కాలేదు. నీ పేరు చెప్పాను. గూడూరు నుంచి ఎవరో వచ్చి ఆస్పత్రిలో ఇచ్చి వెళ్లారన్నాను. జాబుల సంగతి చెప్పలేదు.

మూడు వారాలు పాదం నేల మీద పెట్టలేకపోయాను. అత్తను ఆటోలో పంపాడు. ఇవాళే మళ్లీ స్టీరింగు పట్టుకున్నాను. క్లచ్ నొక్కినప్పుడల్లా కళ్లు చీకట్లు కమ్మాయి.

అప్పటికి మిగిలింది మూడు లీటర్లు. ఇవాళ్టితో నాలుగు. "మీ అక్కకు కూడా చెప్పాల్సింది చెప్తాలే" అన్నాడు. నువ్వు జాగ్రత్త. ఏమైనా జరిగిందా? తప్పకుండా రాయి.

వాణి

❖

గూడూరు,
ఆగస్టు 16.

వాణీ,

నాకేమీ కాలేదు. వేలికి చిన్న దెబ్బ, అక్షరం వంకరగా ఉంటే ఏమనుకోకు.

గూడూరు రావద్దు. తిరుపతిలో ఆడవాళ్లను, పిల్లలను ఉంచుకునే ఆశ్రయం ఒకటుంది. అక్కడ మాట్లాడాను, గది ఇస్తామన్నారు. నేను నాయుడుపేటలో పెద్దరోడ్డు మీద క్యానులో పెట్రోలు పెట్టుకుని నిలబడతాను. నీకు నూట ఇరవై కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా రావాలి. ఏడు లీటర్లు అయ్యాక చెప్పు.

వెన్నెల

❖

కావలి,
సెప్టెంబరు 3.

అక్కా,

నీ జాబు అయిదు వరుసలు. నువ్వు పాలవాడికి రాసే చీటీ కూడా అంతకంటే పొడుగుంటుంది. అక్షరాలు ఎడమ చేత్తో రాసినట్టున్నాయి. ఏం చేశాడు? నేను నీకు పన్ను సంగతి చెప్పాను, నువ్వు నాకు వేళ్ల సంగతి చెప్పు.

ఇక్కడ ఒకటి జరిగింది. పోయిన శుక్రవారం మిషను మీద అత్తకు బీపీ పడిపోయింది. వాంతులు చేసుకుంది. వచ్చేటప్పుడు దారంతా ఆమె తల ఒక చేత్తో పట్టుకుని తోలాను. ఆ గాభరాలో అంకె సున్నా చెయ్యడం మర్చిపోయాను. అతను తలుపు తీసి చూశాడు. ఇరవై పాయింట్ ఒకటి.

"ఇదేందిమే? ఇరవై యాడి నుంచి వచ్చె?" అన్నాడు. జుట్టు పట్టి తలను స్టీరింగు మీద మోపాడు. హారన్ మోగుతూనే ఉంది.

వెనక సీట్లో పడుకున్న అత్త లేచింది. "ఒరే గిరీ, ఏసీ వెయ్యనియ్యలేదురా నేను. నాకు చలి. మెల్లంగా పొమ్మన్నా, కడుపులో తిప్పతా ఉండిందని. దానికా ఇదంతా?" అంది.

అతను జుట్టు వదిలాడు. వేళ్ల మీద లెక్క కట్టాడు. "అట్టయితే మూడు లీటర్లు చాలు గదా నీకు" అన్నాడు.

అక్కా, ఆమె ఆ రోజు చలి అనలేదు. మెల్లగా పొమ్మనీ అనలేదు. రాత్రి నేను ఆమె పాదాలకు నూనె రాస్తుంటే నా మొహం వంక చూడకుండా "యాభైలో పోతా ఉండావు, ఎన్నాళ్లుగానో చూస్తా ఉండా. నాకు చదువు రాదు గానీ కండ్లు ఉండాయి" అంది. అంతే, అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు మూడే పోస్తున్నాడు. మిగలడం ఆగిపోయింది. మడమలు మళ్లీ వాచి మధ్యలో రెండు వారాలు తోలలేకపోయాను, అందుకే ట్యాంకులో ఉన్నది ఆరు లీటర్లు, ఆ మీద ఓ గ్లాసెడు.

వాణి

❖

గూడూరు,
సెప్టెంబరు 8.

వాణీ,

సరే, విను.

నోటు దొరికిన వారానికి వచ్చాడు, ఇంకో ఇద్దరితో. క్లాసు జరుగుతోంది. ఇద్దరు కాలేజీ పిల్లలు బండిలో ఉన్నారు. వాళ్లను దించి నన్ను కొట్టాడు. ముందు చెంప మీద, తర్వాత కడుపులో కాలితో. నేను లేచి బండి తలుపు పట్టుకున్నాను. నా కుడిచెయ్యి అక్కడ ఉండగానే తలుపు వేశాడు. వేసిన తలుపును ఇంకోసారి తెరిచి మళ్లీ వేశాడు. మూడు వేళ్లు. ఒకటి తీసేశారు. అప్పటి నుంచి నా ఇంటి ఎదుట టీ కొట్టులో అతని మనిషి ఒకడు రోజూ కూర్చుంటున్నాడు. కేసు పెడితే కావేరిని సముద్రంలో వేస్తానన్నాడు. అందుకే పెట్టలేదు. అందుకే నీకూ రాయలేదు. రాస్తే నువ్వు బయల్దేరడం మానుకుంటావని భయపడ్డాను.

ఆరు లీటర్లు చాలు. ఇరవై ఆరుల నూట ఇరవై. సరిగ్గా నాయుడుపేట. వచ్చే ఆదివారం పదకొండింటికి బయల్దేరు, ఆదివారం వేలంపాట పెద్దది, అతను కదలడు. నేను టీ కొట్టువాడి కన్నుగప్పి ముందు రోజే నాయుడుపేట చేరతాను.

ముసలమ్మను గురించి నువ్వు రాయలేదు గానీ నాకు తెలుసు, అదే నీ మనసులో తొలుస్తోంది. నువ్వు వెళ్లిపోతే ఆమెను ఎవరు తీసుకెళ్తారని. ఆమె కొడుకు తీసుకెళ్తాడు. తీసుకెళ్లకపోతే అది వాడి పాపం. వదిలెయ్యి.

వెన్నెల

❖

కావలి,
సెప్టెంబరు 13.

అక్కా,

ఇది చేరేసరికి నేను నీ ఎదుట ఉంటానో లేదో తెలియదు.

వదిలెయ్యి అన్నావు. ఇవాళ నాలుగు గంటలూ ఆమె పక్కన కూర్చున్నాను. ఎడమ చేతిలో రెండు సూదులు. ఆ చేతికి ఆపరేషను చేసి రక్తనాళాలు కలిపి కుట్టారు, నరం తాడులా ఉబ్బి ఉంటుంది. ఆ నరం మీదే ఆమె ప్రాణం. రెండు వారాలు మిషను ఎక్కకపోతే పోతుంది. ఈ కొడుకు ఆమెను ఎన్నాళ్లు తిప్పుతాడు? ఆమె చావుకు నేను కారణమవుతానేమో.

అయినా బయల్దేరతాను. వాడు నీ వేళ్లు తీశాడు. నిన్న కావేరి తన బొమ్మను రాడ్డుతో కొడుతూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతోంది.

వాణి

❖

తిరుపతి,
సెప్టెంబరు 30.

అక్కా,

ఆ సాయంత్రం స్టేషనులోనూ, తర్వాత ఆస్పత్రిలోనూ నువ్వు అడుగుతూనే ఉన్నావు, ఏం జరిగిందని. దవడ తీగలతో కట్టేశారు, మాట రాదు. ఇంకా మూడు వారాలు ఇంతే. అందుకని అంతా రాస్తున్నాను. పోలీసులకు చెప్పనిది కూడా.

ఆదివారం పదకొండు దాటింది. పాపను పలకతో సహా ముందు సీటు దగ్గర కింద కూర్చోబెట్టాను. తాళం మేకు మీద నుంచి తీసుకున్నాను. వెనక తలుపు తెరుచుకుంది. అత్త ఎక్కి కూర్చుంది, ఒళ్లో ఆస్పత్రి ఫైలు.

"నన్ను ఈడ పెట్టి పోతే ఎట్టామే? మంగళవారం మిషను ఉండాది గదా" అంది.

"అత్తా, నేను కావలికి కాదు..."

"నాకు తెలుసులే. మిషను యాడైనా ఉంటది. పోనీ."

వాకిటి గేటు దాకా వచ్చాం. ఎదురుగా వాడు. ఎవరో ఫోను చేసి ఉంటారు, బైకు అడ్డం పెట్టి కూర్చున్నాడు. కొడతాడనుకున్నాను. నవ్వాడు. బండి వంక, నా వంక చూసి బైకు పక్కకు తీశాడు.

"పో. యాడిదాకా పోతావో పో. పెద్దరోడ్డు గూడా ఎక్కలేవు. బండి ఆగిన కాడ మాట్లాడుకుందాం."

వెనకే వచ్చాడు. తొందర లేదు. రాడ్డు హ్యాండిలు మీద అడ్డంగా పెట్టుకుని, తీరిగ్గా, పెళ్లి ఊరేగింపు వెనక వచ్చినట్టు. ట్యాంకులో అడుగూ బొడుగూ తప్ప ఏమీ లేదని వాడి లెక్క. బిట్రగుంట రైల్వే గేటు దాటాం. పెద్దరోడ్డు ఎక్కాం. అద్దంలో చూస్తున్నాను. కొంతదూరం పోయాక బైకు దగ్గరయింది. వాడి మొహంలో నవ్వు లేదు. పద్నాలుగు కిలోమీటర్లు దాటాయి, ఇరవై దాటాయి, బండి పోతూనే ఉంది.

నేను కాలు కిందికంటా నొక్కాను. ఇక కోడిగుడ్డు లేదు, నాయన లేడు. నూట పది, నూట ఇరవై. వాడు కోవూరు దాకా కనబడ్డాడు. పెన్న వంతెన మీద లారీల మధ్య వెనకబడ్డాడు. నెల్లూరు దాటేసరికి అద్దంలో ఎవరూ లేరు. కావేరి నవ్వింది. అత్త కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది.

టోల్‌గేటు సంగతి మనమెవరం ఆలోచించలేదక్కా. అద్దం మీద అంటించిన స్టిక్కరులో డబ్బు లేదు. అడ్డకర్ర లేవలేదు. లోపల కూర్చున్న అమ్మాయి, ఏసుమణి అని తర్వాత తెలిసింది, "అక్కా, బ్యాలెన్సు లేదు, క్యాషు ఇవ్వండి" అంది. నా దగ్గర రూపాయి లేదు. వెనక లారీలు హారన్ కొడుతున్నాయి. "అమ్మా, నన్ను వదులు, వెనక మనిషి తరుముతున్నాడు" అన్నాను. ఆ అమ్మాయి నా మొహం చూసింది, కర్ర లేపడానికి చెయ్యి చాచింది. ఈలోపు నా పక్క అద్దం పగిలింది.

గాజు పెంకులు కంట్లో పడ్డాయి. వాడు లోపలికి చెయ్యి పెట్టి తలుపు తీసి, జుట్టు పట్టి నన్ను రోడ్డు మీద పడేశాడు. మొదటి దెబ్బ దవడ మీద. ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. "యాడిది పెట్రోలు? ఎవుడు పోసినాడు? ఎవుడే వాడు?" అని అరుస్తున్నాడు. వాడికి ఇంకో మగవాడు తప్ప ఇంకేమీ తట్టలేదు. రెండో దెబ్బ భుజం మీద. మూడోది పడేలోపు అత్త బండి దిగి నాకు అడ్డం వచ్చింది. ఎడమ చెయ్యి పైకెత్తింది.

వాడు ఆగలేదు. చూసే కొట్టాడు. రాడ్డు ఆ నరం మీద పడింది.

అంత రక్తం నేనెప్పుడూ చూడలేదు. చిమ్మింది. వాడి చొక్కా మీద, పాప పలక మీద, టోలు కిటికీ అద్దం మీద. ఆమె కూర్చుండిపోయింది. ఏసుమణి గదిలోంచి దూకి వచ్చి తన చున్నీతో ఆ చెయ్యి బిగించి కట్టి, మోకాలితో అదిమిపట్టింది. లారీ డ్రైవర్లు దిగారు. ఆరేడుగురు వాణ్ణి పడదోసి మీద కూర్చున్నారు. రాడ్డు దొర్లుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

ఇది నువ్వు ఒక్కదానివే చదువు. వాణ్ణి అప్పటికే పట్టేసుకున్నారు. వాడు కదలలేడు. ఇక నాకు ప్రమాదం లేదు. రాడ్డు తీసుకుని లేచాను. మోకాలి మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. డ్రైవర్లలో ఒకాయన, మస్తానయ్య అట, "ఇంక చాలు తల్లీ, చచ్చిపోతాడు" అని నా చెయ్యి పట్టుకునేదాకా కొట్టాను. ఎన్నో నాకు తెలియదు. లెక్కపెట్టలేదు. పాపను అడిగితే చెబుతుందేమోనని భయం, అడగను.

స్టేషనులో, డ్రైవర్లు పట్టుకునే పెనుగులాటలో వాడి మోకాలు విరిగిందని రాశారు. మస్తానయ్య అలాగే చెప్పాడు. నేను నోరు విప్పలేదు, దవడ విరిగింది కదా.

రాత్రి నిద్ర పట్టదు. వాడి మొహం గుర్తొచ్చి కాదు. కొడుతున్నప్పుడు హాయిగా అనిపించింది, అది గుర్తొచ్చి.

వాణి

❖

గూడూరు,
అక్టోబరు 9.

వాణీ,

చదివాను. నేనొక్కదాన్నే చదివాను.

హాయిగా అనిపించిందని నువ్వు రాసిన చోట చాలాసేపు ఆగాను. నేనక్కడ ఉంటే నాకూ అలాగే ఉండేది. ఉండకూడదా, ఉండొచ్చా, నాకు తెలియదు. నాకు పనిచేసే వేళ్లు ఏడు మిగిలాయి, ఏడింటితోనూ నీ చెయ్యి పట్టుకుంటాను. అంతకంటే తెలివైన మాట నా దగ్గర లేదు.

కబురు బాగాలేదు. వాడికి బెయిలు కోసం పెద్ద లాయరును పెట్టారు. "భార్యే కొట్టి కాలు విరగ్గొట్టింది, ముసలామెకు తగిలింది ఆ గొడవలో" అని చెప్పబోతున్నారట. టోలుగేటు కెమెరాలో లారీ అడ్డం వచ్చి సగమే కనబడుతోంది. ముసలమ్మ మెజిస్ట్రేటు ముందు చెబితే తప్ప నిలబడదని మన లాయరు అంటున్నాడు. ఆమె చెబుతుందా? కన్నకొడుకు కదా. నువ్వు అడగకు. బలవంతం చెయ్యకు. ఎలా ఉందో మాత్రం రాయి.

వెన్నెల

❖

తిరుపతి,
అక్టోబరు 17.

వెన్నెలమ్మకు,

వెంకటశేషమ్మ చెప్తా ఉంటే వాణి రాస్తా ఉండాది. ఆ పిల్లకు ఇంకా నోరు లేవలేదు గాబట్టి మధ్యలో అడ్డం పడే పని లేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నా. ఏడిస్తే అచ్చరాలు చెరిగిపోతాయి, ఏడవద్దన్నా.

నీ జాబు చదివి వినిపించమన్నా. తలకాయ అడ్డంగా ఊపింది. సానియా అని ఒక నర్సమ్మ ఉండాది ఈడ, ఆ యమ్మ చేత చదివించుకున్నా. అడగద్దని రాసినావంట. ఎందుకు అడగద్దు? నేనేమి మట్టిబొమ్మనా?

ఎడమ చెయ్యి పనికి రాదంట ఇంక. మెడకాడ గొట్టం పెట్టినారు. దాంతోనే మిషను. జొరం వచ్చిపోతా ఉండాది. డాక్టరు నెల్లూరు దాకా ప్రయాణం ఒద్దన్నాడు. మెజిస్ట్రేటు అయ్యనే ఈడికి పిలిపిస్తామని లాయరు అన్నాడు, దానికి ఇంకో నెల పడతాదంట. నెల నాకు ఉండాదో లేదో ఎవురికి తెలుసు? ఇరవై రెండో తేదీ నేనే వస్తా. వాణి బండిలోనే వస్తా. మెల్లంగా తోలమన్నా, గొట్టం కదిలితే కష్టం.

ఆడ అడుగుతారు గదా, చెయ్యి ఎవురు పగలగొట్టినారని. నా కొడుకు గిరిబాబు అని చెప్తా. కోడలి దవడ ఎవురు? నా కొడుకు. కోడలి అక్క వేళ్లు ఎవురు? ఆ పొద్దు ఇంటికొచ్చి నవ్వతా చెప్పినాడు, నేను విన్నా. అది గూడా చెప్తా. కాలు ఎవురు విరగ్గొట్టినారని అడిగితే, నేనే అని చెప్తా.

ఇది రాయనని వాణి పెన్ను కింద పెట్టింది. ఎత్తమన్నా. ఎత్తింది.

నువ్వు చదువుకున్నదానివి, అబద్ధం చెప్పకూడదంటావు. వాడు చిన్నప్పుడు వాళ్ల నాయన తాగొచ్చి నన్ను కొడతా ఉంటే గడపలో కూచుని చూస్తా ఉండేవాడు. ఒగ రోజు వాళ్ల నాయన కొట్టి బయటికి పోయినాక వాడు గూడా వచ్చి నా వీపు మీద చేత్తో ఒగటి వేసినాడు. నాలుగేండ్లు వానికి. ఆటకనుకుని నవ్వినా. ఆ పొద్దు చెవి పట్టుకుని ఒగ దెబ్బ పెరికి ఉండాల్సింది నేను. పెరకలా. ముప్పై మూడేండ్లు లేటుగా పెరికినా అనుకో. దాంట్లో అబద్ధం యాడుండాది?

ఈ జాబు చదివినాక పొయ్యిలో వెయ్యి.

వెంకటశేషమ్మ
వేలిముద్ర